జల్లెడ ఇల్లు

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. అది మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీద పడి ఉంటుంది, ఎవరూ వాడరు. ఆరువందల నలభై ఇళ్ల కాలనీలో ఎవరిని అడిగినా ఆవిడ పొగపిన్ని. ఆఫీసులో పైఅధికారి ఇంజనీరమ్మ కూడా "పిన్నీ, ఇవాళ ఎన్ని ఇళ్లయ్యాయి?" అనే అడుగుతుంది. పొగ అనగానే చుట్టా, బీడీ అనుకునేరు! ఆవిడ చేతిలో పెన్నులాంటి గొట్టం ఒకటుంటుంది. నొక్కితే దారమంత సన్నగా తెల్లటి పొగ వస్తుంది. ఆవిడ ఉద్యోగమంతా ఆ పొగ ఎటు పోతోందో చూడటమే.

పని ఇదీ. వీధి తలుపు తెరిచి, ఆ చట్రంలో ఎర్ర గుడ్డ బిగించి, గుడ్డ నడుమ పెద్ద ఫ్యాన్ పెడతారు. కిటికీలన్నీ మూసి ఫ్యాన్ వేస్తే అది ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంది. లాగిన గాలికి బదులు రావాలి కదా, బయటి గాలి ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణించి లోపలికి దూరుతుంది. అప్పుడు పిన్ని పొగ పట్టుకుని గోడల వెంబడి నడుస్తుంది. పొగ నిటారుగా లేచిందా, గోడ మంచిది. పక్కకి ఒరిగి పరిగెత్తిందా, అక్కడ కన్నం ఉన్నట్టే. దాని చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీస్తుంది. ఫ్యాన్ పక్కనున్న చిన్న యంత్రం ఒక అంకె చూపిస్తుంది, ఇంట్లో గాలి మొత్తం గంటకు ఎన్నిసార్లు మారిపోతోందో చెప్పే అంకె. నాలుగూ అయిదూ అంటే గట్టి ఇల్లు. పది దాటిందంటే ఆ ఇంటివాళ్లు హీటరు వేసుకుని వీధిని వెచ్చబెడుతున్నారన్నమాట.

ఈ పనిలోకి రాకముందు ఇరవై రెండేళ్లు ఆవిడ కరెంటు మీటర్లు చూసింది. గుమ్మం దాకా వెళ్లడం, అంకె రాసుకోవడం, కుక్కను తప్పించుకుని బయటపడటం. తర్వాత మీటర్లు తమ అంకెలు తామే ఆఫీసుకు పంపడం నేర్చుకున్నాయి. ఆర్నెల్లు ఇంట్లో కూర్చుని భర్త ప్రాణం తోడేసింది. ఆయన ఒక క్యాంటీనులో వంటమనిషి, ఇంటికొచ్చాక గరిటె ముట్టడు, నోరూ విప్పడు. అంతలో పాత ఇళ్లను పడగొట్టకుండానే బాగుచేసే పథకం వచ్చింది. సందులు పూడ్చడం, పైకప్పు మీద మందపాటి దూది పరుపు పరచడం, కిటికీలకు రెండేసి అద్దాలు బిగించడం, లోపల గాలి మురిగిపోకుండా ఒక చిన్న ఫ్యాన్ పెట్టడం. చలికాలం కాల్చే ఇంధనంలో సగం మిగులుతుందని చెప్పారు. మీటర్లు చూసినవాళ్లకు ఇల్లిల్లూ తెలుసు కాబట్టి మనుషులు కావాలన్నప్పుడు ముందు వాళ్లనే పిలిచారు. పిన్ని పిలవకముందే వెళ్లి నిలబడింది.

పనిలో ఆవిడకు వంక పెట్టేవాడు పుట్టలేదు. చూసిన అంకె తప్ప ఇంకో అంకె రాయదు, ఎవరు బతిమాలినా సరే. చిక్కల్లా నోటితోనే. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెద్దవాళ్లు చెప్పింది ఈవిడను చూసే అయ్యుంటుంది.

ఆ కాలనీలోనే ఏడో వరసలో ఆవిడ అన్నయ్య ఇల్లు. ఆయన రంగుల కార్ఖానాలో ముప్పై ఏళ్లు పనిచేసి ఊపిరితిత్తులు అక్కడే పాడుచేసుకున్నాడు. ఎండాకాలం ఫరవాలేదు. చలిగాలి తగిలితే మాత్రం పది అడుగులకోసారి ఆగి రొప్పుతాడు. కిందటి చలికాలం పదమూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. పంపించేటప్పుడు డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. "మందులు నేనిస్తాను. గది వెచ్చగా ఉంచడం మీ చేతిలో ఉంది. ఇంకో చలికాలం ఇలాగే గడిస్తే నేనేమీ చెప్పలేను."

ఇక వదిన. ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆ సగం హక్కును పిన్ని ముప్పై అయిదేళ్లుగా ఒక్క రోజు కూడా వదులుకోలేదు. వదిన మీద ఆవిడకున్న ఫిర్యాదులు అన్నీ ఇన్నీ కావు గానీ, అన్నిటికన్నా పెద్దది ఒకటుంది. చలికాలం ఎప్పుడు వెళ్లినా వదిన లేచి ఎదురు రాదు. అన్నయ్య మంచం తలవైపు గోడకు ఆనుకుని, వీపు వెనక మడతపెట్టిన దుప్పటితో, చిన్న పీట మీద కూర్చుని ఉంటుంది. "రా అమ్మాయ్, లోపలికి రా" అంటుందే తప్ప కదలదు. "మహారాణి! ఆడపడుచొస్తే సింహాసనం దిగదు!" అని పిన్ని ఇంటికొచ్చి భర్త దగ్గర గింజుకుంటుంది. ఆయన "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" ఎవరి వైపో ఇప్పటిదాకా తేలలేదు.

రెండేళ్ల కిందటి సంగతి. పని కొత్త, ఉత్సాహం కొండంత. ఒక చలికాలపు ఆదివారం పిన్ని ఆఫీసు ఫ్యాన్‌ను ఎవరికీ చెప్పకుండా అన్నయ్య ఇంటికి మోసుకుపోయింది. చేయి తిరగాలంటే సాధన కావాలి కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ రోజు ఇంట్లో చుట్టాలు ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్లందరి ముందూ గుడ్డ బిగించి, ఫ్యాన్ వేసి, పొగ పట్టుకుని తిరిగింది. అటక తలుపు అంచు, వంటగది గొట్టం చుట్టూ, రెండు కిటికీల కింద, బీరువా వెనక, స్నానాలగది చూరు, ఇలా ఒక్కోటీ కనిపెట్టడం, సుద్దతో గుండ్రంగా గీయడం, "ఇంకోటి!" అని కేకపెట్టడం. మొత్తం పదకొండు.

"వదినా, ఇది ఇల్లు కాదు, జల్లెడ!" అంది.

అందరూ విరగబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది అన్నయ్య, నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. పీట మీద కూర్చున్న వదిన కూడా నవ్వింది. అందుకని పిన్ని ఆ మాటను ఆ పూటే మర్చిపోయింది. చుట్టాలు మర్చిపోలేదు. ఆ తర్వాత ఏ పెళ్లిలో కలిసినా "జల్లెడ ఇంటివాళ్లు వచ్చారా?" అని అడగడం మొదలైంది. నవ్వు నాలుగు విధాల చేటంటారు, ఊరికే అనరు.

ఈ ఏడు పథకం ఆ కాలనీకి వచ్చింది. చలికాలం లోపల రెండువందల ఇళ్లు మాత్రమే పూర్తి చేయగలరు. ఎక్కువ గాలి కారే ఇళ్లు ముందు, అంటే పది దాటినవి. మిగతావి వచ్చే ఏడాది, ఆపై ఏడాది. సొంతవాళ్ల ఇంటిని ఎవరూ పరీక్షించకూడదన్నది నియమం. కాబట్టి ఏడో వరసకు కళ్లజోడాయన వెళ్లాడు. ఆయన పిన్నితో పాటే మీటర్లు చూసినవాడు, ఒకే అంకెను మూడుసార్లు చూస్తే గానీ రాయని మనిషి. పిన్నికి ఏ బెంగా లేదు. అన్నయ్య ఇల్లు పద్నాలుగుకి తగ్గదని ఆవిడకు కంఠతా వచ్చు.

సాయంత్రం కళ్లజోడాయన ఫ్యాన్ దించుతూ అన్నాడు. "మీ వదినగారి ఇల్లు బంగారం, పిన్నీ. ఏడూ పాయింట్ రెండు."

"ఏ ఇల్లు?"

"మీ అన్నయ్యగారిదే. మూడుసార్లు చూశా."

పిన్నికి నోట మాట రాలేదు. అది అరుదైన విషయం కాబట్టి ఆఫీసులో అందరూ తలెత్తి చూశారు. నాలుగో రోజున కాలనీ బోర్డు మీద జాబితా అతికించారు. మొదటి రెండువందల్లో అన్నయ్య ఇల్లు లేదు. వచ్చే ఏడాదిలోనూ లేదు, ఆపై ఏడాదిలో ఉంది. పిన్ని బోర్డు దగ్గర్నుంచి తిన్నగా ఏడో వరసకు నడిచింది.

అన్నయ్య నిద్రపోతున్నాడు. వదిన వంటగదిలో ఉంది. పిన్ని పలకరించకుండా బీరువా వెనక్కి చేయి పెట్టింది. తను సుద్దతో గీసిన చోట గీత లేదు. దాని మీద పిండి జిగురుతో కాగితం పొరలు పొరలుగా అతికించి, పైన తెల్లసున్నం పూసి ఉంది. కిటికీల కింద కూడా అంతే. అటక తలుపు అంచున పాత దుప్పటి పీలికలు కుక్కి, పైన కొవ్వొత్తి కరిగించి పోసి ఉంది. పదకొండూ చూసింది. ఒక్కటీ వదల్లేదు మహాతల్లి.

"ఏంటి వదినా ఇదంతా?"

వదిన చేయి తుడుచుకుంటూ వచ్చింది. "ఏముంది? ఆఫీసువాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తామన్నారు. సర్దుకున్నా."

"సర్దుకోవడమా ఇది! కన్నాలు చూడ్డానికే కదా వాళ్లొచ్చేది! డాక్టరొస్తున్నాడని జ్వరం దాచుకుంటారా ఎవరన్నా?"

"ఎక్కడెక్కడ ఉన్నాయో నువ్వే గీతలు గీసి మరీ చూపించావుగా. నాకు వెతుక్కునే పని కూడా లేకపోయింది." వదిన గొంతు పెంచలేదు. "మళ్లీ ఇంకొకరొచ్చి నలుగురిలో జల్లెడంటే పడమంటావా? నేను కాపురానికొచ్చిన ఇల్లమ్మా అది. రోజూ రెండుపూటలా తుడిచే ఇల్లు. నువ్వన్నావు, సరే, నీ నోరు అంతే. మీ అన్నయ్య నవ్వారు చూడు, అది..." అని ఆగిపోయింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది పిన్నికి. కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. తన సుద్ద ముక్క, తన నోరు, తన గొప్ప, మూడూ కలిసి అన్నయ్యను జాబితాలోంచి తోసేశాయి.

కాగితం చలిని ఆపుతుందా? మొదటి చలిగాలికే జిగురు బిరుసెక్కి పగిలింది. బీరువా వెనక పొరలు చివర్ల నుంచి లేచి రెపరెపలాడటం మొదలెట్టాయి. ఒక ఉదయం అన్నయ్య మంచం మీంచి కుర్చీ దాకా వెళ్లి, అక్కణ్ణించి మాట్లాడలేక, చూడవచ్చిన పిన్నికి చేత్తో సైగ చేశాడు. ఆ రోజు పిన్ని ఆఫీసుకెళ్లి ఇంజనీరమ్మ ముందు నిలబడింది.

"ఏడో వరసలో మా అన్నయ్య ఇంటికి మళ్లీ పరీక్ష పెట్టాలమ్మా."

ఇంజనీరమ్మ కలం కింద పెట్టింది. "పిన్నీ, నువ్వు అడిగితే ఎలా ఉంటుందో తెలుసుగా. సొంతవాళ్ల కోసం జాబితా తిప్పిందంటారు."

"తెలుసు. అందుకే రాసి ఇస్తా. రెండేళ్ల కింద అడక్కుండా ఆఫీసు ఫ్యాన్ పట్టుకెళ్లి ఆ ఇంట్లో కన్నాలు గుర్తుపెట్టింది నేనే."

"అది రాస్తే నిన్ను ఫ్యాన్ మీద ఉంచలేను. కనీసం ఆర్నెల్లు."

"ఉంచొద్దు."

"ఇంటివాళ్లు కూడా సంతకం పెట్టాలి, పరీక్షకు ముందు కన్నాలు మూశామని. అది కూడా బోర్డు మీదికెక్కుతుంది. మీ వదినగారు ఒప్పుకుంటారా?"

అదే కదా అసలు గండం! కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. తన కడుపు తను చించుకోవడానికి పిన్ని సిద్ధమే, వదినది ఎవరు చించాలి? ఆ మధ్యాహ్నం కాగితం పట్టుకుని వెళ్లింది. వదిన ఎప్పటిలాగే గోడకు ఆనుకుని పీట మీద ఉంది. లేవలేదు. సంగతంతా విని తల అడ్డంగా ఊపింది.

"నా పేరు బోర్డు మీదెక్కాలా? ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. వరసంతా చదువుతారు."

"నా పేరు కూడా ఎక్కుతుంది వదినా. పైన నాదే."

"నీ తప్పు నువ్వు రాశావా?"

"రాశాను."

"ఏం రాశావో చదువు."

పిన్ని చదివింది. ఫ్యాన్ సంగతి, సుద్ద గీతల సంగతి చదివి, కింది వాక్యం దగ్గర గొంతు సవరించుకుంది. "చుట్టాలందరి ముందూ ఆ ఇంటిని జల్లెడ అని నేను ఎగతాళి చేశాను. ఆ అవమానంతోనే మా వదిన కన్నాలు మూసింది. తప్పు ఆవిడది కాదు, నాది." ఆ వాక్యం అక్కర్లేదని ఇంజనీరమ్మ అప్పటికే చెప్పింది. ఆఫీసుకు అక్కర్లేదు, నిజమే.

"మళ్లీ చదువు," అంది వదిన.

పిన్ని మళ్లీ చదివింది. ఇంతలో మంచం మీంచి అన్నయ్య చేయెత్తాడు. ఊపిరి కూడదీసుకుని, "నేను నవ్వానని... కూడా... రాయి," అన్నాడు. వదిన ఆయన వైపు చూసింది. తర్వాత కలం అడిగి, పీట మీంచి లేవకుండానే సంతకం పెట్టింది.

రెండో పరీక్షకు కళ్లజోడాయనా, ఇంజనీరమ్మా ఇద్దరూ వచ్చారు. పిన్ని రాకూడదు, వీధి చివర నిలబడింది. వదిన అందరూ చూస్తుండగా, పక్కింటావిడ గుమ్మంలో నిలబడి గుడ్లప్పగించి చూస్తుండగా, పదకొండు చోట్లా కాగితాలూ పీలికలూ తన చేత్తోనే లాగి బుట్టలో వేసింది. వేసి, వెళ్లి తన పీట మీద కూర్చుంది. పద్నాలుగూ పాయింట్ ఆరు. బోర్డు మీద పేర్లు ఎక్కాయి, మూడు రోజులు వరసంతా చెప్పుకుంది. నాలుగో రోజు ఇంకో వింత దొరికింది, అటు పోయింది. లోకం తీరే అంత.

పిన్నిని ఫ్యాన్ మీంచి తీసి ఫోమ్ కొట్టే జట్టులో వేశారు. మోకాళ్ల మీద కూర్చుని సందుల్లో నురగ నింపడం, అది పొంగి గట్టిపడ్డాక అంచులు కోయడం. యాభై అయిదేళ్ల మోకాళ్లు ఆవిడను మాటకు మాటా తిట్టాయి. అన్నయ్య ఇంటి వంతు వచ్చిన రోజున ఆ జట్టునే పంపింది ఇంజనీరమ్మ. ఎవరో గొణిగితే, "చుట్టరికం పరీక్షకే అడ్డు, చాకిరీకి కాదు," అందట.

అన్నయ్యను పక్కింట్లో కూర్చోబెట్టారు. మంచం గది మధ్యకు జరిపారు. వదిన వంటగదిలో అందరికీ టీ పెడుతోంది. పైకప్పు పరుపు ముందురోజే అయింది, కిటికీలూ మార్చారు. పిన్ని తను రెండేళ్ల కింద గుర్తుపెట్టిన పదకొండు కన్నాలూ ఒక్కొక్కటే నింపింది. ఆఖరున కళ్లజోడాయన ఫ్యాన్ వేసి యంత్రం చూసి నొసలు చిట్లించాడు.

"అయిదులో ఉండాలి. ఆరూ పాయింట్ ఎనిమిది. ఇంకా ఎక్కడో పోతోంది."

"పోదు! పదకొండూ నేనే నింపా."

"అంకె అబద్ధం చెబుతుందా పిన్నీ?"

ఇద్దరూ పొగ పట్టుకుని పదకొండు చోట్లా తిరిగారు. అన్నిచోట్లా పొగ నిటారుగా లేచింది. కళ్లజోడాయన మళ్లీ యంత్రం చూశాడు. టీ పళ్లెంతో వచ్చిన వదిన గడపలో నిలబడి ఇదంతా వింటోంది. పళ్లెం కింద పెట్టింది.

"ఒక్క నిమిషం ఆగండి," అంది.

వెళ్లి, మంచం తలవైపు ఉండే గోడ దగ్గర పీట వేసుకుని, మడత దుప్పటి వీపుకు పెట్టుకుని, ఎప్పుడూ కూర్చునేలాగే కూర్చుంది. గోడకు గట్టిగా ఆనుకుంది.

యంత్రంలో అంకె దిగింది. ఆరు. అయిదూ పాయింట్ మూడు. అక్కడ నిలిచింది.

ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పిన్ని అంకె వంకా, వదిన వంకా, మళ్లీ అంకె వంకా చూసింది.

"ఇక్కడొకటుందమ్మాయ్," అంది వదిన మామూలుగా. "తొమ్మిదేళ్ల కింద నీళ్ల గొట్టం వేసినప్పుడు కొట్టింది. రెండుసార్లు సిమెంటు పెట్టించా. కొళాయి తిప్పితే గొట్టం అదురుతుంది, రాలిపోతుంది. గొట్టం చెమరుస్తుంది, కాగితం కూడా నిలవదు. మంచం ఇమిడే గోడ ఈ గదిలో ఇదొక్కటే. గాలి తిన్నగా ఆయన నెత్తికే కొడుతుంది. అందుకని కూర్చుంటా."

"నేను పొగ పట్టుకుని తిరిగిన రోజు..."

"అప్పుడూ ఇక్కడే కూర్చున్నాగా. నీకెలా కనపడుతుంది?"

"లే వదినా," అంది పిన్ని.

వదిన లేచింది. దుప్పటి తీస్తే, గోడలో గొట్టం పక్కన పిడికిలి పట్టేంత కన్నం. ఫ్యాన్ లాగుతుంటే గాలి రివ్వున కొడుతోంది. పిన్ని పొగ వదల్లేదు. వెళ్లి అదే పీట మీద కూర్చుని తన వీపు ఆనించింది. రవికె దాటి చలి వెన్నులోకి దిగింది. మనసులో పది లెక్కపెట్టేసరికి లేవాలనిపించింది. తొమ్మిది చలికాలాలు! మహారాణి, సింహాసనం అని తను అన్న ప్రతి మాటా అక్కడ కూర్చోగానే గుర్తొచ్చింది. నలుగురిలో ఏడవకూడదని పళ్లు బిగించింది గానీ లాభం లేకపోయింది. కళ్లజోడాయన మంచి మనిషి, కిటికీ అద్దం సరిగ్గా ఉందో లేదో చూడటానికి అటు తిరిగాడు.

పన్నెండో కన్నం పిన్ని నింపుతుంటే వదిన దీపం పట్టుకుంది. గొట్టం అదిరినా ఊడకుండా నురగ లోపలిదాకా పోయింది. ఆరాక అంచు కోసి, అరచేయి ఆనించి చూసుకుని, దాని చుట్టూ సుద్దతో గీయబోయి మానేసింది. అంకె అయిదూ పాయింట్ రెండు. కళ్లజోడాయన మూడుసార్లు చూసి రాసుకున్నాడు.

అన్నయ్య ఆ చలికాలం ఆసుపత్రికి వెళ్లలేదు. దగ్గు పోయిందని కాదు, పోదు కూడా. కానీ ఉదయాలు కుర్చీ దాకా వెళ్లి, కుర్చీలో కూర్చుని మాట్లాడగలిగాడు. చలి బాగా ముదిరిన ఒక ఆదివారం పిన్ని వాళ్లను చూడటానికి వెళ్లింది. గేటు చప్పుడు కాగానే అలవాటు కొద్దీ లోపల్నుంచి "రా అమ్మాయ్" అన్న కేక వస్తుందని ఆగింది. కేక రాలేదు. తలుపు తెరుచుకుంది. వదిన గడప దాటి మెట్టు దిగి ఎదురొచ్చింది.